సైకిల్ దిగని పిలుపు

ఆత్మగౌరవం అన్న మాటను నేను మొదట చూసింది అచ్చులోనే. మా ఇళ్లల్లో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. మర్యాద అనేవారు, ఇజ్జత్ అనేవారు, కోపం మీద ఉంటే పౌరుషం అనేవారు. మా అమ్మ వీటన్నిటికీ కలిపి ఒకటే మాట వాడేది: పిలుపు. పిలిచారా, లేదా? పిలిస్తే ఎట్లా పిలిచారు? ఇంటికి వచ్చి పిలిచారా, దారిలో ఎదురుపడితే పిలిచారా, ఎవరితోనో చెప్పి పంపారా? ఆమె తూకంలో మనిషి విలువ అంతా అక్కడే తేలిపోయేది.

నాకు చిన్నప్పటి నుంచి లెక్కలంటే ఇష్టం. ఉప్పల్ బడిలో నాలుగో తరగతితో చదువు ఆగిపోయినా, కట్టెల అడితిలో కూర్చుని దుంగలు కొలవడం నేర్చుకున్నాను. వీసం, పరక లాంటి పాత భిన్నాల లెక్కలు ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. గోడ పొడవు, ఎత్తు చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో నోటితో చెప్పేవాడిని. ఆ విద్యతోనే నాచారంలో కొత్తగా లేస్తున్న ఒక ఫ్యాక్టరీ దగ్గర ఇసుక, కంకర, ఇటుక కొలిచి దించుకునే కొలువు దొరికింది.

కొలిచే అలవాటు చేతులతో ఆగదు. అమ్మ చెప్పే పిలుపుకు కూడా నేను ఒక కొలత కట్టాను. పూర్తి పిలుపు పదహారణాలు. మనిషి ఇంటికి రావడం ఎనిమిది. కూర్చుని మంచినీళ్లు తాగడం నాలుగు. వరస పెట్టి పిలవడం రెండు. పోయేటప్పుడు గుమ్మంలో మళ్లీ ఒకసారి "తప్పకుండ రావాలె" అనడం రెండు. మొత్తం పన్నెండుకు తగ్గితే వెళ్లకపోయినా తప్పు లేదు. ఉప్పల్ రోడ్డు మీద క్వార్టర్లలోకి దిగిన పెద్ద చదువుల వాళ్లు మాత్రం అచ్చు వేసిన కార్డుతో పిలిచేవారు. వాటికి ఎంత వెయ్యాలో తేలక కొన్నాళ్లు తికమక పడ్డాను. చివరికి కార్డు మనిషి చేత వస్తే పది, పోస్టులో వస్తే మూడు అని తీర్మానించుకున్నాను. దేశంలోకి నయా పైసలు వచ్చాక కూడా ఈ లెక్కను అణాల్లోనే ఉంచాను. మర్యాదను పైసల్లోకి మార్చబోతే ఎక్కడో చిన్నమెత్తు జారిపోతుంది.

ఈ లెక్క నా పెళ్లి దాకా బాగానే నడిచింది.

నా పెళ్లి మేనమామ కూతురితో అయింది. మామ మా అమ్మకు సొంత తమ్ముడు. రైల్వేలో పని, నాచారంలో ఇల్లు. మా ఇల్లు ఉప్పల్లో. ద్రాక్షతోటల పక్క నుంచి పొలం గట్ల మీద పడితే నడక పెద్దదేం కాదు. ఆ ఇంట్లో నేను పాకే వయసు నుంచి తిరిగాను. ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్లి డబ్బాలో పల్లీలు తీసుకుని తినేవాడిని. మామ నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు, అల్లరి చేస్తే అక్కడే చెవి మెలిపెట్టేవాడు.

మూడు ముళ్లు పడగానే అదే మామ నాకు పిల్లనిచ్చిన మామగారయ్యాడు. మా అమ్మ తన తమ్ముడికే వియ్యపురాలయింది. మనుషులు వాళ్లే, కొలతలు మారాయి. అక్క కొడుకుగా ఆ ఇంటికి నాకు పిలుపు అక్కర్లేదు. అల్లుడిగా అయితే పిలుపు లేనిదే పోకూడదు. ఒకే గోడను ఇటు నుంచి కొలిస్తే ఒక లెక్క, అటు నుంచి కొలిస్తే ఇంకో లెక్క వచ్చినట్టయింది నా పని.

ఎండాకాలంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే ఆనవాయితీ ప్రకారం మామ వచ్చి కూతుర్ని పుట్టింటికి తీసుకుపోయాడు. ఆ నెల అత్తాకోడళ్లు ఒక ఇంట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. శ్రావణం వచ్చాక మామగారు వచ్చి అల్లుణ్ణి పిలవాలి. అల్లుడు వెళ్లి, పెట్టిన కొత్త బట్టలు కట్టుకుని, భోంచేసి, భార్యను వెంట తోలుకురావాలి. ఇదీ పద్ధతి.

ఆషాఢం మాకు హాయిగానే గడిచింది. ఫ్యాక్టరీ నుంచి ఉప్పల్ వచ్చే దారి మామ ఇంటి వెనక గోడ పక్కగా పోతుంది. నిజానికి పోదు, నేను పోనిచ్చాను. మొదటి సాయంత్రం గోడ దగ్గర నిలబడితే, పెరట్లో బట్టలు ఆరేస్తున్న నా భార్య చూసింది.

"ఏం బావా, తొవ్వ తప్పినవా?"

"గడప తొక్కొద్దన్నరు గదా."

"గడప తొక్కొద్దన్నరు. గోడ కాడ నిలబడొద్దని ఎవ్వలన్న అన్నరా?"

ఎవరూ అనలేదు. ఆ నెలంతా గోడకు అటు ఆమె, ఇటు నేను. మైదాకు పెట్టుకున్న చేతులు ఆరేదాకా గోడ మీద ఆనించి కబుర్లు చెప్పేది. వంటింట్లోంచి మా అత్త, "ఎవలతోనే ముచ్చట్లు?" అని అరిచేది.

"పిల్లితోని అమ్మా."

"పిల్లికి ఆకలైతుందేమో అడుగు."

కాసేపటికి గోడ మీదికి గిన్నె వచ్చేది. మా పక్క ఆచారాల్లో ఉన్న మంచితనం అదే. ఆచారం పెట్టినవాళ్లే సందు కూడా వదిలిపెడతారు.

శ్రావణం వచ్చింది. ఒకరోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇసుక లారీ ఎక్కి గజం బద్దతో కొలుస్తున్నాను. మామ డ్యూటీకి పోతూ సైకిల్ ఆపాడు. దిగలేదు. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు పెడలు మీద.

"అరేయ్, శ్రావణం పడ్డది గదా! వచ్చి పిల్లను తోలుకపో. మీ అత్త ఎదురుసూస్తున్నది."

నా జవాబు వినకుండానే బెల్లు కొట్టి పోయాడు.

నేను లారీ మీదే నిలబడి లెక్క కట్టాను. ఇంటికి రాలేదు, ఎనిమిది పోయింది. కూర్చోలేదు, సీటు మీద కూర్చునే ఉన్నాడు గానీ, అది లెక్కలోకి రాదు. వరస పెట్టలేదు, "అరేయ్" అన్నాడు. "మీ అత్త ఎదురుసూస్తున్నది" అన్న మాటకు దయతలిచి రెండణాలు వేశాను. అంటే నా అత్తారింటి మొట్టమొదటి పిలుపు రెండణాలది.

సాయంత్రం ఈ సంగతి అమ్మకు చెప్పాను. చెప్పకుండా గోడ దారిలో పోయి గడప తొక్కి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

"సైకిల్ దిగలేదా?" అంది అమ్మ.

"ఒక కాలు దించిండు."

"ఒక్క కాలా! మా నాయిన మీ నాయినను పిలువనీకి వచ్చిన్నాడు బండి కట్టిచ్చుకొని వచ్చిండు. రెండు పూటలుండి, వెంటబెట్టుకొని పోయిండు. వీడు ఒక్క కాలు దించుతడా?"

"నీ తమ్ముడే గదనే."

"తమ్మునిలెక్కొస్తే గంజి పోసినా తాగుత. వియ్యంకునిలెక్కొస్తే ముంతెడు నీళ్లు గూడ పిలిచి ఇయ్యాలె. నువ్వు పోకు. ఇప్పుడు పోతే ఇగ జిందగంత నీకు సైకిల్ మీదికెల్లే మాటలు."

అమ్మ మాట కాదనలేక పోలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాకు ఆ అలక రుచిగా ఉంది. ఫ్యాక్టరీలో నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. లారీవాళ్లు "ఓ కొలతలాయనా" అనేవారు. పైన ఒక ఇంజనీరు ఉండేవాడు, ఆయన నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఈల వేసేవాడు. నేను పరిగెత్తేవాడిని. ఆ ఈలకు ఎన్ని అణాలో ఎన్నడూ లెక్క కట్టలేదు. కడితే మర్నాడు పనికి పోలేను. పెళ్లయ్యాక, ఈ భూమ్మీద నన్ను మర్యాదగా పిలిచి తీరాల్సిన మనిషి ఒకడు తయారయ్యాడు. ఇంజనీరు దగ్గర పోయిందంతా మామ దగ్గర రాబట్టాలనిపించింది. తర్వాత చాలామందిని గమనించాను. ఎక్కడ పోగొట్టుకున్నామో అక్కడ వెతుక్కునే ధైర్యం మనకు ఉండదు. ఎవరు మనల్ని వదిలిపెట్టి పోరో వాళ్ల దగ్గరే పౌరుషం చూపిస్తాం.

ఉప్పల్ నుంచి నాచారానికి గంపలో కూరగాయలు అమ్మడానికి పోయే ముసలవ్వ ఒకామె ఉండేది. రెండు ఇళ్లకూ చనువు. ఆమెతో కబురు పంపాను: "అల్లునికి ఇంక పిలుపు రాలేదట అని మామకు చెప్పవ్వా."

మర్నాడు అవ్వ వచ్చి గంప దించి, మా అరుగు మీద కూర్చుంది.

"మీ మామ ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పాల్నా, జర తక్కువ జేసి చెప్పాల్నా?"

"ఉన్నదున్నట్టే చెప్పు."

"'వాని ముక్కు తుడిసిన చేతులివి. వానికి లాగు కుట్టిచ్చిన. వానికి నేను సైకిల్ దిగాల్నా? వాడు నాకన్న ఎత్తు పెరిగినంక దిగుతనని చెప్పు' అన్నడు."

"తక్కువ జేసి చెప్తే?"

"రమ్మన్నడు బిడ్డా."

అమ్మ లోపలి నుంచే జవాబు పంపింది: ముక్కు తుడిచింది మేనమామ, అతనితో మాకు తగువు లేదు, పిల్లనిచ్చిన మామ ఎక్కడున్నాడో వెతికి పంపమని. అవ్వ తల ఊపుకుంటూ పోయింది. ఆ నెల ఆమెకు రెండిళ్లలోనూ చాయ అందింది. కూరగాయలు మాత్రం వాడిపోయినవి ఇచ్చినా ఎవరూ అడగలేదు.

ఇక మామ రోజూ గేటు ముందు నుంచి సైకిల్ మీద పోతూనే ఉన్నాడు. ఆగడు. గేటు దగ్గరికి రాగానే దారిలో కుక్క కూడా లేకపోయినా గట్టిగా బెల్లు కొడతాడు. నేను అటు తిరిగి కంకర చూస్తాను. ఒకరోజు గేటు ముందే కిర్రుమని చప్పుడైంది. తిరిగి చూస్తే మామ సైకిల్ దిగి ఉన్నాడు. రెండు కాళ్లూ నేల మీద! నేను చొక్కా సర్దుకుని, తువ్వాలు దులుపుకుని ఎదురెళ్లాను.

"రా మామా."

"ఏడికి రావాలె? గొలుసు పడ్డది."

వంగి గొలుసు ఎక్కిస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "గొలుసు కోసం దిగిన, అల్లుని కోసం గాదు. నీ లెక్కల గిది వేసుకోకు."

చేతులకు గ్రీజు అంటింది. తుడుచుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని అటూ ఇటూ చూశాడు. నేను పోయి మెషిన్లు తుడిచే నూలుపోగులు గుప్పెడు తెచ్చి ఇచ్చాను. తెచ్చింది మేనల్లుడు. అల్లుడు అక్కడే అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

అప్పటిదాకా నాకిది ఆటగానే ఉంది. ఆట కాదని తెలిసింది గోడ దగ్గరే. శ్రావణంలో సగం పోయాక ఉండబట్టలేక ఒక సాయంత్రం వెనక దారిన పోయాను. నా భార్య పెరట్లోనే ఉంది. నవ్వలేదు.

"ఇప్పుడు గోడ కాడెందుకు బావా? గడప తెరిచే ఉన్నది గదా."

"మీ నాయిన పిలవలే."

"పిలిచిన అంటున్నడు."

"సైకిల్ దిగలే."

ఆమె తడిబట్ట ఒకటి గట్టిగా దులిపింది. నీళ్లు నా ముఖాన పడ్డాయి.

"ఈ నెల దాటితే భాద్రపదం. మంచి నెల గాదని తోలరు. అది అయితే బతుకమ్మ. పండుగ ముందట ఆడపిల్లను ఎవ్వలన్న పంపుతరా? అంటే దసరా దాక నేను ఈడనే బట్టలారేస్తుంట. గీ లెక్క తెల్వదా నీకు?"

తెలుసు. కానీ ఆ లెక్కను నేను వేసింది నెలల్లో. ఆమె చెబుతుంటే రోజుల్లో వినిపించింది. పెళ్లయ్యాక మేమిద్దరం ఒక ఇంట్లో కలిసి ఉన్న రోజులకంటే, పిలుపు కోసం విడిగా ఉండబోయే రోజులే ఎక్కువ. ఆమె ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు గోడ మీదికి గిన్నె రాలేదు.

అయినా నేను గడప వైపు తిరగలేదు. ఇంత దూరం వచ్చాక తిరిగితే, ఇన్నాళ్లు అలిగిందంతా ఉత్తదవుతుంది కదా అనిపించింది. తప్పు కట్టిన గోడను పడగొట్టడానికి మనసొప్పక, దాని మీదే ఇంకో వరస పేర్చే మేస్త్రీలు ఉంటారు. నా పని అట్లా అయింది.

శ్రావణం చివరి ఆదివారం సన్నగా ముసురు పట్టింది. అమ్మ చూరు కింద అరుగు మీద బియ్యం చెరుగుతోంది. నేను గుమ్మంలో కూర్చుని వాన వైపు చూస్తున్నాను. గట్ల మీది నుంచి గొడుగు ఒకటి వచ్చి మా వాకిలి ముందు ఆగింది. చేతిలో బట్టల మూట.

"అత్తా, ఉన్నవా?"

అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "నా కోడలొచ్చింది!"

"కోడలు రాలే అత్తా. నీ తమ్ముని బిడ్డ వచ్చింది. పిలవంది మొగని ఇంటికి ఎట్లొస్త? నాకు ఇజ్జత్ లేదా? మేనత్త ఇంటికైతే ఎప్పుడన్న రావచ్చు. నీకు జరం వచ్చిందని కూరగాయల అవ్వ చెప్పింది, సూసిపోదామని వచ్చిన."

"నాకేడి జరం?"

"తగ్గినట్టుంది. మంచిదే." నా వైపు తిరిగి, సంతలో కనబడ్డ దూరపు చుట్టాన్ని పలకరించినట్టు, "బాగున్నవా బావా?" అంది.

బాగున్నానన్నాను.

ఆమె చాప మీద కూర్చుంది. చుట్టం కనుక అమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. చుట్టం కనుక నేను కడవ తీసుకుని బావికి పోయాను. వచ్చేసరికి అమ్మ, "బిడ్డా, జర ఆ పొయ్యి ఎగదోయి" అంటోంది.

"చుట్టాన్ని పొయ్యి కాడ కూసోబెడ్తవా అత్తా? వాడకట్టోళ్లు సూస్తే ఏమనుకుంటరు?"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ పొయ్యి ఊదుకుంది. అవి పొగకు వచ్చిన నీళ్లే అని నా అంచనా.

"చాయ తాగుతవా?" అన్నాను.

"వద్దు బావా. ఇప్పుడే తాగొచ్చిన."

నేను సరే అని ఊరుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "మల్ల అడుగురా! చుట్టాలు మొదటిపారే తాగుతరా?"

మళ్లీ అడిగాను. ఇంకోసారీ అడిగాను. అప్పుడు, నన్ను కష్టపెట్టడం ఇష్టం లేనట్టు, "మరి నువ్వు అంతగనం అంటున్నవ్" అని గ్లాసు అందుకుంది.

పదహారణాల మర్యాద నేను కోరిందే. అది నా ఎదురుగా కూర్చుని చాయ ఊదుకుంటుంటే చూడటం మాత్రం కష్టంగా ఉంది.

భోజనం అయ్యాక ఆమె మూట దగ్గరికి లాక్కుంది. "పొద్దు గూకక ముందే పోవాలె అత్తా." అమ్మ నాకు కళ్లతో సైగ చేసింది: పిలువురా. ఎట్లా పిలవడం? ఇంట్లో కూర్చున్న మనిషిని ఇంట్లోకి రమ్మని పిలిచే లెక్క ఏ ఎక్కంలోనూ లేదు. చివరికి, "ఇయ్యాల ఉండరాదు" అన్నాను.

ఆమె మూట ముడి బిగిస్తూ నన్ను నిదానంగా చూసింది. "ఉండుమంటున్నవా, ఉండిపొమ్మంటున్నవా?"

అంతలో వాకిట్లో సైకిల్ బెల్లు మోగింది.

మామ నెత్తి మీద గోనెసంచి కప్పుకుని ఉన్నాడు. మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. మా అరుగు మీద ఒక కాలు ఆనించి సీటు మీదే ఉన్నాడు.

"నా బిడ్డ ఈడున్నదా?"

"ఉన్నది. దిగు మామా."

"దిగ. దిగితే నిన్ను పిలువనీకి దిగిన అంటవ్. నేను నా బిడ్డను తోలుకపోనీకి వచ్చిన."

"దిగకపోతే లోపలికి ఎట్లొస్తవ్?"

"ఎవలొస్తన్నరు నీ లోపలికి?"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అరే తమ్మీ, వానల తడుస్తున్నవ్, దిగి లోపలికి రారా."

మామ గోనెసంచి కొంచెం ఎత్తి చూశాడు. "అక్కలెక్క పిలుస్తున్నవా, వియ్యపురాలులెక్క పిలుస్తున్నవా?"

నెల రోజులుగా ఆ గీత గీసింది అమ్మే. అక్కగా అంటే వియ్యపురాలు ఓడిపోతుంది. వియ్యపురాలుగా అంటే తమ్ముడు వానలో నిలబడతాడు. వాడకట్టులో ఒక్కొక్క గుమ్మంలో ఒక్కొక్క తల బయటికి వచ్చింది. వాన పూట ఇంతకంటే మంచి కాలక్షేపం వాళ్లకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

నా భార్య మూట చంకన పెట్టుకుని మా మధ్య నుంచి వాకిట్లోకి దిగింది. గొడుగు తెరవలేదు.

"అయిపోయిందా? నాయిన సైకిల్ దిగడు. బావ గడప దిగడు. మేనత్త ఏ వరుసల నిలబడ్డదో ఆమెకే ఎరుక లేదు. తోలుకపోవుడు, పంపుడు, ఆపుడు అన్నీ మీ ఇజ్జత్ కోసమే. బియ్యం బస్తాను ఎవ్వలన్న అడుగుతరా, నువ్వు ఏడికి పోతవే అని? నన్ను గూడ అడగలే."

"ఏడికే బిడ్డా?" అన్నాడు మామ.

"నన్ను అడిగినోళ్లింటికి. ఎవ్వలు అడగకుంటే కూరగాయల అవ్వ ఇంటికి పోత. ఆమె ఒక్కతే రోజు అడిగింది, ఎట్లున్నవ్ బిడ్డా అని."

నడక మొదలుపెట్టింది. నాచారం వైపు కాదు, అవ్వ ఇంటి వైపు. నేను ఆమె నడక వేగం చూశాను. నిజంగా పోయే మనిషి అంత నెమ్మదిగా పోదు. కానీ ఆగే మనిషి కూడా అంత తిన్నగా పోదు. ఇన్నాళ్లు నేనూ మామా ఎవరి విలువ ఎంతో చూసుకుంటూ ఉంటే, ఆమె మా ఇద్దరి కాటా మీద నుంచి దిగి తన దారిన పోతోంది. మాకు ఎదుటివాళ్లు ఇస్తేనే ఉండేది ఇజ్జత్. ఆమె దాన్ని మూటతో పాటు చంకలో పెట్టుకుని పోతోంది.

ఇంకో మలుపు తిరిగితే కనబడదు. నేను వాకిట్లోకి ఒక్క దూకు దూకాను. వెనక ధడాలున చప్పుడైంది. మామ సైకిల్ బురదలో పడింది. పడేసి దిగాడో, దిగితే పడిందో నేను చూడలేదు. ఇద్దరం పరిగెత్తాం. ఇద్దరం సమానంగా చేరామని మామ ఇప్పటికీ అంటాడు. నేను ఒక మూర ముందున్నాను.

"మనింటికి రా బిడ్డా!" "మనింటికి రా!"

ఆమె ఆగింది. "ఇద్దరు ఒక్కపారే అంటే ఏమినవడ్తది?" ముందు తండ్రి వైపు తిరిగింది. గోనెసంచి ఎక్కడో జారిపోయి ఆయన బట్టతల తడుస్తోంది. తన గొడుగు తెరిచి ఆయన చేతిలో పెట్టింది. "నాయినా, నువ్వు పిలిస్తే వస్త, పిలవకున్నా వస్త. నీ కాడ నాకు పట్టింపు లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు."

"ఇంటికి రా."

"ఎవలింటికి?"

"మనింటికి."

"మేనత్తను సూసిపోనీకా?"

"కాదు."

"మల్ల?"

వాడకట్టు అంతా చెవులు రిక్కించింది. భార్యను పదిమందిలో పేరు పెట్టి పిలవడమే వింతగా చూసే కాలం అది. "నువ్వు గావాలె," అన్నాను గొంతులోనే.

"ఇనవడలే."

"నువ్వు గావాలె నాకు!" అన్నాను. ఎదురింటామె చాటతో నోరు కప్పుకుంది. ఎవరో ఈల వేశారు. జన్మలో మొదటిసారి నేను ఈలకు పరిగెత్తకుండా నిలబడ్డాను.

ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచి, వాకిలి దాటి, గుమ్మంలో ఉన్న అమ్మను చేత్తో పక్కకు జరిపింది. "జరుగు అత్తా. ఇందాకటి పప్పుల ఉప్పే ఎయ్యలే నువ్వు. చుట్టాన్నని నోరు మూసుకొని తిన్న." ఇద్దరూ లోపలికి పోయారు.

బయట మామా, నేనూ మిగిలాం. మామ సైకిల్ లేపి హ్యాండిల్ సరిచేసుకున్నాడు. గొడుగు ఉన్న సంగతి ఇద్దరం మరిచిపోయి తడుస్తున్నాం.

"సూసినవా, దిగిన," అన్నాడు.

"నీ బిడ్డ కోసం దిగినవ్."

"దిగిన గదా!"

"నన్ను పిలువనీకి దిగలే."

"మరి నువ్వు దూకింది నాకు దండం పెట్టనీకా?"

అప్పుడు గొడుగు గుర్తొచ్చి, మామ దాన్ని కొంచెం నా వైపు వంచాడు. ఆయన లోపలికి పోడు, ఎవరూ పిలవలేదు. పెద్దమనిషిని వానలో వదిలి నేను లోపలికి పోలేను. నా ఇంటి ముందు నేనే పిలుపు లేక నిలబడ్డాను. లోపల పోపు చిటపటలాడింది. వెల్లుల్లి వాసన వాకిట్లోకి వచ్చింది. మామ గుటక వేయడం నాకు వినిపించింది. నాది ఆయనకూ వినిపించే ఉంటుంది.

వంటింటి కిటికీలోంచి నా భార్య గొంతు వచ్చింది: "ఇద్దరికి వేరే వేరే పిలుపులు గావాల్నా, ఒక్కటి సరిపోతదా?"

మామ నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను.

"ఒక్కటి చాలు బిడ్డా," అన్నాడు మామ.

నేనైతే రెండు అడిగేవాడినే. కానీ అప్పటికే వాన పెద్దదయింది.